బొమ్మ బాగుంటే ఆట బాగుంటుందా?

వీడియో గేమ్ కొనాలంటే పిల్లలు ముందు చూసేది గ్రాఫిక్స్. ఆ ఆటలకు పుట్టిల్లు లాంటి క్యోటో వీధులు మాత్రం 130 ఏళ్లకు పైగా ఇంకో మాట చెబుతున్నాయి.

అద్దాల బీరువా ముందు నిలబడ్డ పదకొండేళ్ల పిల్లాడు పెదవి విరిచాడు. లోపల ఓ బూడిదరంగు పెట్టె ఉంది. ఇటుకంత ఉంటుంది. దానికి ఆకుపచ్చ ఛాయ తిరిగిన చిన్న తెర.

‘‘నాన్నా, దీంట్లో రంగులే లేవు కదా. ఎలా ఆడేవాళ్లు?’’

‘‘రంగులెందుకురా? పైనుంచి ఇటుకలు పడుతుంటే సర్దుకోవడమేగా.’’

‘‘బోరు కొట్టదా?’’

తండ్రి సమాధానం చెప్పేలోగా పిల్లాడు పక్క బీరువా దగ్గరికి పరుగెత్తాడు. టోక్యోలో నిషి-కసాయి అనే పేట ఉంది. భారతీయులు, వాళ్లలోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువగా ఉండే చోటు. అక్కడి నుంచి వచ్చిన తెలుగు కుటుంబం ఇది. సెలవులకు క్యోటో అనగానే అమ్మ గుళ్ల జాబితా రాసుకుంది. పిల్లాడు ఒకే ఒక్క మ్యూజియం పేరు చెప్పాడు. దాని వెనక వాడి లెక్క వాడికుంది. నింటెండో కంపెనీ 2025 జూన్ 5న విడుదల చేసిన కొత్త మెషీన్ ‘స్విచ్ 2’ కావాలి. టీవీకి తగిలిస్తే 4కె నాణ్యతతో బొమ్మ కనబడుతుంది. విడుదలైనప్పుడు జపాన్‌లో దాని ధర 49,980 యెన్లు. ఇంట్లో పాత స్విచ్ ఉంది, బాగానే పనిచేస్తోంది. ‘మరి కొత్తదెందుకురా?’ అంటే వాడిచ్చే జవాబు ఒకటే... ‘గ్రాఫిక్స్!’

ఒక్క ఇంటి తగువు కాదిది. పిల్లలున్న ఇళ్లలో చాలాచోట్ల వినిపించేదే. గ్రాఫిక్స్ నిజంగా అంత ముఖ్యమా? కంపెనీల గొప్పలు కాసేపు పక్కనపెట్టి, క్యోటోలో ఒక్కరోజు తిరిగితే ఎంతో కొంత తెలుస్తుంది.

పేకముక్కల వీధి

క్యోటో రైల్వేస్టేషన్ నుంచి ఈశాన్యంగా పావుగంట నడిస్తే షోమెన్ వీధి వస్తుంది. ఒక పక్క కామో నది, ఇంకోపక్క సన్నటి తకాసె కాలువ. పెద్ద దుకాణాలు ఉండవు, హడావుడీ ఉండదు. ఆ సందులో 1930లో కట్టిన ఓ పాత భవనం కనిపిస్తుంది. 2022 నుంచి అది ‘మరుఫుకురో’ అనే హోటల్. ప్రసిద్ధ వాస్తుశిల్పి తదావో ఆండో పర్యవేక్షణలో దాన్ని తీర్చిదిద్దారు. గోడమీది పాత ఫలకాన్ని మాత్రం తీసేయలేదు. పేకముక్కలు తయారుచేసే కంపెనీ అని దానిమీద ఇప్పటికీ ఉంటుంది. నింటెండో ఒకప్పటి ప్రధాన కార్యాలయం ఇదే!

1889లో ఫుసజిరో యమౌచి అనే ఆయన ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. అప్పటికి వీడియో లేదు, గేమూ లేదు. ఆయన అమ్మింది ‘హనఫుడా’ అనే పూలపేక. దాని కథ తమాషాగా ఉంటుంది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు జపాన్‌కు పేకముక్కలు తెచ్చారు. జనం జూదానికి అలవాటు పడటం, పాలకులు నిషేధించడం, జనం మరో రకం బొమ్మలతో కొత్త పేక తయారు చేసుకోవడం... ఇలా చాలాకాలం దొంగాపోలీసు ఆట నడిచింది. ఆ వరసలో వచ్చిందే పూలపేక. మొత్తం 48 ముక్కలు. పన్నెండు నెలలకు పన్నెండు పూలో చెట్లో, ఒక్కోదానికి నాలుగేసి ముక్కలు. జనవరికి దేవదారు, మార్చికి చెర్రీపూలు, ఆగస్టుకి రెల్లుగడ్డి మీద నిండు చందమామ. ఒక్క ముక్కమీదా అంకె ఉండదు. ఏ ముక్క ఏ జట్టుదో, దాని విలువెంతో బొమ్మే చెప్పాలి. చెర్రీపూల ముక్కకు మద్యం గిన్నె ముక్క తోడైతే పూల విందు. అదే గిన్నె చందమామతో కలిస్తే వెన్నెల విందు. దేనికదే లెక్క.

మనకిది మరీ కొత్తేమీ కాదు. దశావతార గంజీఫా ఇలాంటిదే. పది అవతారాలకు పన్నెండేసి చొప్పున 120 గుండ్రటి ముక్కలు. నిర్మల్ చిత్రకారులు కూడా గంజీఫాలు గీసేవారు. ఎవరు ఎంత నాజూగ్గా గీసినా, ఆడేవాడు మత్స్యాన్ని కూర్మం అనుకుంటే ఆ పేక పనికిరానట్టే. బొమ్మకు అందం కావాల్సిందే. అంతకంటే ముందు కావాల్సింది అది ఏమిటో చటుక్కున తెలియడం.

ఫ్యాక్టరీలో మ్యూజియం

క్యోటో నుంచి కింతెత్సు రైలెక్కితే అరగంట లోపే ఒగురా స్టేషన్. ఉజి పట్టణంలోకి వస్తుంది. జపాన్‌లో ఉజి అంటే టీకి పెట్టింది పేరు. పది యెన్ల నాణెం మీద ముద్రించే బ్యొదొ-ఇన్ ఆలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. అమ్మ పంతం ప్రకారం ఆ గుడి సాయంత్రానికి. ముందు పిల్లాడి మ్యూజియం.

1969లో కట్టిన నింటెండో కర్మాగారాన్నే మ్యూజియంగా మార్చి 2024 అక్టోబరు 2న తెరిచారు. పేకముక్కలు తయారైందీ, తర్వాత రోజుల్లో పాడైన గేమ్ మెషీన్లను బాగుచేసిందీ ఇక్కడే. అప్పటికప్పుడు వెళ్తే టికెట్ దొరకడం కష్టం. మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టుకుంటే లాటరీ తీస్తారు. పెద్దలకు 3,300 యెన్లు, పిల్లలకు వయసును బట్టి తక్కువ. పై అంతస్తులో కంపెనీ తయారుచేసిన వస్తువులన్నీ వరసగా పేర్చారు. అక్కడ ఫొటోలు తీయనివ్వరు. వివరణ బోర్డులు కూడా పెద్దగా కనిపించవు. దాంతో ఎటు చూసినా తల్లిదండ్రులే గైడ్లు. ‘ఇది మా చిన్నప్పుడు...’ అన్న మాట పది భాషల్లో వినిపిస్తూ ఉంటుంది.

మన తండ్రిగారు కూడా ఎర్ర, తెలుపు రంగుల ‘ఫ్యామికామ్’ దగ్గర ఆగిపోయారు. 1983లో వచ్చిన మెషీన్ అది. 1990ల్లో మన ఊళ్లలో దొరికినవి దీని నకళ్లు. టీవీకి తగిలించి కాంట్రా, మారియో ఆడని పిల్లలు ఆ రోజుల్లో తక్కువ. క్యాసెట్ మీద ‘9999 ఆటలు’ అని ఉండేది. తీరా చూస్తే అవే పది ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. ఆట మొరాయిస్తే క్యాసెట్ బయటకు తీసి, నోటితో ఉఫ్ మని ఊది మళ్లీ పెట్టడం. (ఊదితే బాగవుతుందన్నది ఉత్త భ్రమ. తీసి పెట్టడం వల్లే పనిచేసేది. ఊదితే తేమ తగిలి పిన్నులు తుప్పు పడతాయి.)

ఆ మారియో బొమ్మను చూడండి. దాన్ని గీసిన షిగెరు మియమోటో 1977లో నింటెండోలో చేరారు. 1981లో ‘డాంకీ కాంగ్’ ఆటకు ఓ మనిషిని గీయాల్సి వచ్చింది. చేతిలో ఉన్నది అటు 16, ఇటు 16 చుక్కల గడి. రంగులు మూడే. అంత చిన్నచోట జుట్టు గీయడం కుదరక టోపీ పెట్టారు. నోరు కనబడదు కాబట్టి ముక్కు తెలిసేలా మీసం తగిలించారు. పరుగెడుతుంటే చేతులు ఊగడం కనబడాలని ఒంటికీ చేతులకూ వేర్వేరు రంగులొచ్చేలా పనివాళ్ల దుస్తులు వేశారు. ప్రపంచంలో పిల్లలందరికీ తెలిసిన ఆ రూపం ఇలా ఇరుకులోంచి పుట్టుకొచ్చింది.

1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో పట్టే చోట అలాంటి ఆటలు యాభై దాకా పట్టేస్తాయి. జాగా పొదుపు కోసం ఓ చిన్న చిట్కా కూడా వేశారు. అందులో ఆకాశంలోని మబ్బు, నేలమీది పొద ఒకటే బొమ్మ. తెల్లరంగు వేస్తే మబ్బు, పచ్చరంగు వేస్తే పొద. ఈ సంగతి చెబితే పిల్లాడు నమ్మలేదు. అక్కడి తెరమీద రెండింటినీ చూశాక, ‘‘అవును నాన్నా... చీటింగ్!’’ అన్నాడు. ఆ మోసాన్ని కోట్లమంది ఏళ్ల తరబడి పట్టుకోలేకపోయారు. పట్టుకునే తీరిక ఎవరికుంటుంది? కాలికింద గొయ్యి, ఎదురుగా తాబేలు.

నలుపు తెలుపు పంతం

పిల్లాడు పెదవి విరిచిన బూడిదరంగు పెట్టె దగ్గరికి మళ్లీ వద్దాం. దానిపేరు ‘గేమ్ బాయ్’. వెనకున్న మనిషి గుంపే యొకోయి. క్యోటోలోనే పుట్టి, అక్కడి దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో నింటెండోలో చేరాడు. ఉద్యోగం ఏమిటంటే, పేకముక్కలు తయారుచేసే యంత్రాల మరమ్మతు చూసుకోవడం! పని లేనప్పుడు సరదాగా ఓ సాగే చెయ్యి బొమ్మ చేసుకుంటుంటే యజమాని హిరోషి యమౌచి కంటపడింది. చీవాట్లు పడతాయనుకున్నాడు. దాన్నే అమ్మకానికి తయారుచెయ్యమన్నాడు యజమాని. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడైంది.

యొకోయి సిద్ధాంతం ఒకటుంది. కొత్తగా వచ్చిన ఖరీదైన టెక్నాలజీ వెంట పరుగెత్తొద్దు. అందరికీ తెలిసి, బాగా నలిగి, చౌకైపోయిన వస్తువునే తీసుకో. దాన్ని ఎవరూ ఊహించని పనికి వాడు. గేమ్ బాయ్ అచ్చంగా అలాగే తయారైంది. 1989 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు దాని తెరమీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే. వెనక లైటు కూడా లేదు. చీకట్లో ఆడాలంటే వీధిదీపం కిందికి వెళ్లాల్సిందే.

అదే ఏడాది అటారీ కంపెనీ ‘లింక్స్’, ఆ మరుసటి ఏడాది సెగా కంపెనీ ‘గేమ్ గేర్’ తెచ్చాయి. రెండింటికీ రంగుల తెర, వెనక వెలుతురు. దుకాణంలో పక్కపక్కన పెడితే గేమ్ బాయ్ వెలవెలబోయేది. రంగుల తెరతో పోటీ వస్తోందని సిబ్బంది కంగారుపడితే, ‘రంగులతోనా? అయితే మనకేం ఫర్వాలేదు’ అన్నాడట యొకోయి. ఎందుకంటే గేమ్ గేర్‌కు ఆరు పెన్సిల్ సెల్లులు కావాలి. అవి మూడు నుంచి ఐదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో పది గంటలు దాటి నడిచేది. సెల్లులు కొనిపెట్టేది అమ్మానాన్నలేగా! పైగా అమెరికాలో దానితోపాటే టెట్రిస్ ఇచ్చారు. పైనుంచి పడే ముక్కలకు రంగులుంటేనేం, లేకపోతేనేం? చివరికి గేమ్ గేర్ అమ్ముడైంది కోటి పైచిలుకు. గేమ్ బాయ్, 1998లో వచ్చిన దాని రంగుల తమ్ముడు కలిపి దాదాపు 11.9 కోట్లు.

ఆటలో లీనమయ్యాక రంగుల సంగతి గుర్తుండదని యొకోయి గట్టి నమ్మకం. ఆ నమ్మకమే ఆయన్ను ఓసారి దెబ్బ కొట్టింది కూడా. అదే అంతస్తులో మూడుకాళ్ల మీద నిలబడ్డ ఎర్రటి కళ్లజోడు లాంటి వస్తువుంది. 1995లో వచ్చిన ‘వర్చువల్ బాయ్’. అందులో ముఖం పెట్టి చూస్తే బొమ్మ లోతుగా కనబడుతుంది. కాకపోతే నల్లటి చీకట్లో ఎర్ర గీతలు మాత్రమే. ఖర్చు తగ్గించడానికి ఎర్ర దీపాలతోనే సరిపెట్టారు. కళ్లు లాగేస్తున్నాయని, తలనొప్పి వస్తోందని జనం పక్కన పడేశారు. ఎనిమిది లక్షలు కూడా అమ్ముడవలేదు. ఆ మరుసటి ఏడాది యొకోయి కంపెనీ వదిలేశాడు. 1997 అక్టోబరులో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. గ్రాఫిక్స్‌తో పనే లేదనేవాళ్లు ఈ ఎర్ర కళ్లజోడు ముందు కాసేపు నిలబడాలి. బొమ్మ సాదాగా ఉండొచ్చు, చూసేవాడి కంటిని మాత్రం బాధపెట్టకూడదు.

క్యోటో కొలతలు

ఆ పక్కనే ‘నింటెండో 64’. 1996 నాటిది. దాంతోపాటు వచ్చిన ‘సూపర్ మారియో 64’ ఆటలో మారియో మొదటిసారి మూడు కొలతల లోకంలోకి దూకాడు. ఎడమ నుంచి కుడికి పరుగెత్తడమే కాదు... గుండ్రంగా తిరగొచ్చు, కొండెక్కొచ్చు, కెమెరాను వెనక్కి తిప్పి చూడొచ్చు. అంతకు ముందు మెషీన్ల మీద ఇది సాధ్యమయ్యేది కాదు. ఇక్కడ గ్రాఫిక్స్ శక్తి పెరిగింది అందం కోసం కాదు. ఆడటానికి కొత్తచోటు ఇచ్చింది. పిల్లాడి వాదనకు బలం దొరికింది ఇక్కడే. ‘‘చూశావా నాన్నా, పాతదాంట్లో ఇది కుదరదు కదా!’’ నాన్న దగ్గర జవాబు లేదు.

కానీ వాడి చేతిలో అరిగిపోయిన ఆట ఇంకొకటుంది. ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’. 2017లో స్విచ్‌తోపాటు వచ్చింది. ఆ సమయానికి పోటీ కంపెనీలు 4కె మెషీన్లతో ఊదరగొడుతున్నాయి. ఈ ఆట బొమ్మ నాణ్యతలో వాటి దరిదాపుల్లో లేదు. ఆ ఏడాది ‘ద గేమ్ అవార్డ్స్’లో ఉత్తమ ఆట బహుమతి మాత్రం దీనికే వచ్చింది. తయారీలో ముందు వాళ్లు చేసిన పని వింటే ఆశ్చర్యమేస్తుంది. 1986 నాటి తొలి జెల్డాలాగా గళ్లగళ్ల బొమ్మలతో ఓ నమూనా ఆట తయారుచేశారు. చెట్టు నరికితే పడుతుందా? దుంగ నీళ్లలో తేలుతుందా? మంట గడ్డికి అంటుకుంటుందా? ఇవన్నీ అందులో ఆడి చూసుకున్నారు. కొండలూ వెన్నెలా తర్వాత గీశారు.

ఆ ఆటకు దర్శకుడు హిడెమారో ఫుజిబయాషి క్యోటో మనిషే. ఆటలో ఊళ్ల మధ్య ఎంత దూరం పెట్టాలో తెలియక తన ఊరి మ్యాపును ఆట మ్యాపు మీద పరుచుకుని చూసుకున్నాడు. ఇక్కడి నుంచి అక్కడికి నడిస్తే ఇంతసేపు పడుతుంది, దారిలో ఇన్ని మలుపులు... అలా సొంతూరి దూరాలు కొలబద్దలయ్యాయి. అసలు తొలి జెల్డాకు ప్రేరణ కూడా ఇక్కడిదే. మియమోటో పెరిగింది క్యోటోకు వాయవ్యాన ఉన్న సొనోబె అనే పల్లెపట్టు. చిన్నప్పుడు అడవుల్లో తిరుగుతూ ఓ గుహను కనిపెట్టి, లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లిన జ్ఞాపకమే ఆ ఆటకు మూలమని ఆయనే చెప్పారు. గుహ నోటి దగ్గర గుండె కొట్టుకోవడం ముఖ్యం. దాన్ని 1986లో నాలుగు నల్లచుక్కలతో రప్పించారు, 2017లో నిజమైన కొండలాంటి బొమ్మతో రప్పించారు.

అయినా జనం కోపం తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2000 సంవత్సరంలో జెల్డా వీరుడు కత్తియుద్ధం చేసే ఓ నమూనా చూపించారు. అచ్చం సినిమాలా ఉంది. అభిమానులు పొంగిపోయారు. మరుసటి ఏడాది అసలు ఆట చూపిస్తే, పెద్ద కళ్లతో పిల్లల కార్టూన్‌లా తేలింది! మోసపోయామని గొడవ చేశారు. 2002 చివర్లో వచ్చిన ఆ ‘విండ్ వేకర్’ను ఇప్పుడు చూసినా పాతబడినట్టు ఉండదు. ఆ రోజుల్లోనే ‘అబ్బ, నిజం మనిషిలాగే ఉన్నాడే’ అనిపించుకున్న ఎన్నో ఆటల్లో మొహాలు ఇప్పుడు మైనపు బొమ్మల్లా కనబడతాయి. నిజంలా గీసిన బొమ్మ మరింత నిజం లాంటిది రాగానే వాడిపోతుంది. తనదైన తీరులో గీసిన బొమ్మకు ఆ బాధ లేదు. బాపు బొమ్మను ఎవరైనా ఫొటోతో పోలుస్తారా?

పెద్ద రిమోట్, చిన్న గొయ్యి

కింది అంతస్తులోకి దిగితే అంతా ఆటే. టికెట్టుతో పాటు పది నాణేలిస్తారు... నిజం నాణేలు కావు, టికెట్ కార్డులో లెక్క. అన్నీ ఆడటానికి పది చాలవు. ఏది వదులుకోవాలో ఇంటిల్లిపాదీ చర్చించుకోవాల్సిందే. అన్నిటికంటే సందడి ‘బిగ్ కంట్రోలర్’ దగ్గర. మంచమంత రిమోట్. ఇద్దరు కలిస్తేగాని ఆడలేరు. ఒకరు నడిపించాలి, ఇంకొకరు గెంతించాలి.

తండ్రి దిక్కుల మీట పట్టుకున్నాడు. పిల్లాడు గెంతే బొత్తాం మీద ఒళ్లంతా వాల్చాడు. తెరమీద 1985 నాటి మారియో.

‘‘గెంతరా... ఇప్పుడు గెంతు!’’

‘‘నువ్వు ముందు పరుగెత్తించు నాన్నా!’’

మొదటి గొయ్యిలోనే పడ్డారు. రెండోసారి తాబేలు కొట్టింది. వెనక వరసలో ఉన్న జపాన్ బామ్మ కూడా నవ్వేసింది. మూడో ప్రయత్నంలో గొయ్యి దాటినప్పుడు పిల్లాడు వేసిన కేక ఆ హాలంతా వినబడింది. అంతసేపట్లో గ్రాఫిక్స్ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు వాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక బేరం మళ్లీ మొదలైంది. నాన్నకు లెక్కలంటే ఇష్టం. 2006లో వచ్చిన ‘వీ’ మెషీన్ సంగతి చెప్పాడు. పోటీ మెషీన్లు హెచ్‌డీలో మెరిసిపోతుంటే అది పాతకాలపు నాణ్యతతోనే వచ్చింది. రిమోట్‌ను చేత్తో ఊపితే తెరమీద టెన్నిస్ బ్యాటు ఊగేది. తాతయ్యలు కూడా లేచి ఆడారు. 10 కోట్లకు పైగా అమ్ముడై, ప్లేస్టేషన్ 3ని దాటేసింది. పిల్లాడూ తక్కువవాడు కాదు. ‘‘మరి వీ యూ?’’ అన్నాడు. 2012లో వచ్చిన ఆ మెషీన్‌కు హెచ్‌డీ ఉంది, పేరూ ఉంది. కోటీ 36 లక్షల దగ్గరే ఆగిపోయింది. వాడు తన వాదనకు సాయమనుకుని చెప్పాడో, తెలియక చెప్పాడో గానీ నాన్న పంట పండింది.

అమ్మ మధ్యలో కల్పించుకుంది. ‘‘ఏమండీ, వాడు చూపించే వీడియోల్లో ఆట ఎక్కడుంది? అంతా సినిమాయేగా’’ అంది. ఆ మాటలో చాలా నిజముంది. ప్రకటనల్లో మెరిసే దృశ్యాలు చాలాసార్లు ఆడేవి కావు, మధ్యలో వచ్చే కథా దృశ్యాలు. పైగా ఆ మెరుపులకు 100 జీబీ దాటే డౌన్‌లోడ్‌లూ ఉంటాయి. ఎవరైనా మామూలుగా ఆడుతుండగా తీసిన పావుగంట వీడియో చూస్తే సరుకేమిటో తెలిసిపోతుంది. శత్రువు ఎక్కడున్నాడో కనబడుతోందా, ఏది ఎక్కగలమో ఏది ఎక్కలేమో అర్థమవుతోందా, బొమ్మ ఆగి ఆగి కదులుతోందా... గ్రాఫిక్స్‌లో చూడాల్సింది ఇదీ.

చివరికి బేరం ఇలా తెగింది. పాత స్విచ్‌లో ఇంకా పూర్తిచేయని ఆటలు మూడున్నాయి. అవి అయ్యాక, కొత్త మెషీన్ మీద మాత్రమే ఆడగలిగే ఆట ఒక్కటి, దాన్లో ఏం కొత్తగా చెయ్యొచ్చో వాడు చెప్పగలగాలి. ‘బాగా కనబడుతుంది’ అంటే చెల్లదు. అలా చెప్పగలిగితే దసరాకి చూద్దామన్నాడు నాన్న. పిల్లాడు వెంటనే ఒప్పుకొన్నాడు. వాడి దగ్గర అప్పటికే జవాబు ఉన్నట్టే ఉంది.

బ్యొదొ-ఇన్ చూసి, ఉజి టీ ఐస్‌క్రీం తిని, రాత్రికి షింకన్‌సెన్ రైలెక్కారు. క్యోటో నుంచి టోక్యోకు రెండుంబావు గంటలు. పిల్లాడి స్విచ్‌లో ఛార్జింగ్ అయిపోయింది. అమ్మ సంచిలోంచి కొత్త పూలపేక తీసింది. నింటెండో ఇప్పటికీ అమ్ముతోంది దీన్ని. పెట్టెమీద నెపోలియన్ బొమ్మ, పేరేమో ‘అధ్యక్షుడు’! నాన్న ఫోన్‌లో నియమాలు చదివాడు. ‘‘మన రమ్మీలో సెట్టులాంటిదే కదండీ’’ అంటూ అమ్మ ముందరి బల్లమీద ముక్కలు పరిచింది.

‘‘అమ్మా, దీనికెన్ని పాయింట్లు? ఎక్కడా నంబరే లేదు!’’

‘‘బొమ్మ చూడరా.’’

టోక్యో చేరేలోపు వాడు అమ్మ చేతిలో మూడుసార్లు ఓడిపోయాడు. మూడోసారి చందమామ ముక్క చేతిలో ఉండి కూడా.